కుట్టు విడిపోయిందంటే దారం తెగిందని కాదు

ప్రశ్న: నేను బయోమెడికల్ ఇంజనీరింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారికి పేగుకు రంధ్రం పడితే అర్జంటుగా ఆపరేషన్ చేశారు. ఎనిమిదో రోజు పొట్ట కుట్లు విడిపోయి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు. అది చూశాక మా బ్యాచ్ ప్రాజెక్టుగా ఇంకా గట్టి సర్జికల్ దారం చేయాలనుకుంటున్నాం. తెగే బలం ఎంత పెంచితే సరిపోతుంది? సూదిలో కూడా మార్చాల్సింది ఉందా?

సమాధానం:

అమ్మా, నాన్నగారు తిరుగుతున్నారని రాశారు, అది చదివాక మనసు కుదుటపడింది. నేను జనరల్ సర్జరీలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. ఇలా విడిపోయిన పొట్టలు చాలానే మళ్లీ కుట్టాను. వాటిలో దారం తెగినవి చాలా అరుదు. ముడి జారినవి కొన్ని. మిగతావాటిలో దారం చెక్కుచెదరలేదు, ముడి వేసింది వేసినట్టే ఉంది. తెగింది లోపలి పొర, అంటే పొట్ట గోడను పట్టి ఉంచే ఫేషియా అనే గట్టి తెల్లని పొర.

బజ్జీల బండి దగ్గర ఉడికిన గుడ్డును దారంతో కోయడం మీరు చూసే ఉంటారు. చాకు అక్కర్లేదు. సన్నని దారం చుట్టి లాగితే గుడ్డు రెండు చెక్కలవుతుంది. దారం ఎంత గట్టిదైతే అంత శుభ్రంగా తెగుతుంది. పొట్ట కుట్టులో జరిగేదీ అదే, కాకపోతే వారం రోజులు పడుతుంది. అందుకే తెగే బలం పెంచడం దగ్గర మీ ప్రాజెక్టు మొదలుపెట్టవద్దని చెబుతున్నాను. ఆ బలం ఇప్పుడున్న దారాల్లోనే సరిపడా ఉంది.

పీజీ ముగించిన కొత్తలో నేను చేసిన ఒక కేసు చెబుతాను. లారీ డ్రైవర్, యాభై దాటిన మనిషి, బీడీల దగ్గు. అల్సర్ పగిలిన మూడో రోజు వచ్చాడు, పొట్ట నిండా చీము. కడిగి, రంధ్రం మూసి, లావుపాటి నైలాన్ లూప్‌తో పొట్ట మూశాను. అంచు నుంచి సెంటీమీటరు లోపలికి పట్టుకోవడం, సెంటీమీటరుకో కుట్టు వేయడం, ప్రతి కుట్టునూ గట్టిగా లాగి బిగించడం. గట్టిగా బిగిస్తే గట్టిగా నిలుస్తుందని అప్పట్లో నా నమ్మకం. ఏడో రోజు పొద్దున రౌండ్స్‌లో సిస్టర్ పిలిచి చూపించారు. కట్టంతా గులాబీ రంగు నీటితో తడిసిపోయింది. పైన చర్మం కుట్లు మాత్రం చక్కగా ఉన్నాయి. ఆ గులాబీ నీరు కనిపిస్తే లోపల పొర విడిపోయిందనే అర్థం. థియేటర్‌కు తీసుకెళ్లి చర్మం విప్పాను. నల్లటి నైలాన్ దారం ఈ చివర నుంచి ఆ చివరకు వీణ తీగలా బిగుసుకుని ఉంది. రెండు పక్కలా ఫేషియా అంచులు దువ్వెన పళ్లలా చీలి ఉన్నాయి. ప్రతి కుట్టు దగ్గరా ఒక చీలిక. దారం ఎక్కడా తెగలేదు. ఆయన బతికాడు, కానీ ఆ దువ్వెన పళ్లు నా కళ్ల ముందు నుంచి పోలేదు. తప్పు దారానిది కాదు, నేను కుట్టిన తీరుది.

దీనికి లెక్క చెప్పినవాడు జెన్‌కిన్స్ అనే బ్రిటిష్ సర్జన్, 1976లో. ఆపరేషన్ తర్వాత పేగులు కొన్నాళ్లు కదలవు, పొట్ట ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు కోత పొడవు కూడా సాగుతుంది, ముప్పై శాతం దాకా. కోత సాగుతుంది గానీ దారం సాగదు. దారం తక్కువ పొడవులో బిగించి ఉంటే ఆ తేడా ఎక్కడి నుంచి రావాలి? దారం కండను కోసుకుంటూ వచ్చి ఆ తేడా తీర్చుకుంటుంది. అందుకే కోత పొడవుకు కనీసం నాలుగు రెట్లు దారం లోపల పడాలని ఆయన లెక్క వేశారు. ఇరవై సెంటీమీటర్ల కోత అయితే కనీసం ఎనభై సెంటీమీటర్ల దారం. నేను ఇప్పటికీ ప్రతి పొట్ట మూశాక మిగిలిన దారం ముక్కను స్కేలు పెట్టి కొలిపిస్తాను. కొత్త పీజీలు మొదట విచిత్రంగా చూస్తారు, నెల తిరిగేసరికి వాళ్లే స్కేలు అడుగుతారు.

నాలుగు రెట్లు రావడానికి రెండు దారులున్నాయి. దూరంగా పట్టుకుని పెద్ద కుట్లు వేయవచ్చు, లేదా దగ్గరగా పట్టుకుని చిన్న కుట్లు ఎక్కువ వేయవచ్చు. మాకు నేర్పింది పెద్ద కుట్టే. అది తప్పని స్వీడన్‌లోని సుండ్స్‌వాల్ సర్జన్లు 2009లో చూపించారు. పెద్ద కుట్లు వేసినవాళ్లలో తర్వాత 18 శాతం మందికి కోత దగ్గర హెర్నియా వచ్చింది. అంచు నుంచి 5 నుంచి 8 మిల్లీమీటర్లలోనే పట్టుకుని చిన్న కుట్లు వేసినవాళ్లలో 5.6 శాతం మందికే వచ్చింది. గాయంలో ఇన్ఫెక్షన్ కూడా దాదాపు సగానికి తగ్గింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో 560 మందిపై ఇదే ప్రశ్నతో ఇంకో ట్రయల్ చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత హెర్నియా పెద్ద కుట్లలో 21 శాతం, చిన్న కుట్లలో 13 శాతం. చిన్న కుట్లతో పొట్ట మూయడానికి పట్టిన టైము పది నిమిషాలకు బదులు పద్నాలుగు. ఆ నాలుగు నిమిషాలు పెట్టలేని సర్జన్ ఉండకూడదని నా అభిప్రాయం.

ఎందుకు పనిచేస్తుంది? పెద్ద కుట్టులో తెల్లని ఫేషియాతో పాటు కండ, కొవ్వు కూడా దారంలో పడతాయి. దారం వాటిని నొక్కుతుంది. నొక్కిన చోట రక్తం ఆడదు, ఆ మెత్తటి భాగం చితికి తగ్గిపోతుంది. కుట్టు వదులవుతుంది, అంచులు ఎడమవుతాయి. చిన్న కుట్టులో ఫేషియా ఒక్కటే పడుతుంది. పైగా లాగుడు నలభై యాభై కుట్ల మీద పంచుకుంటుంది గనక ఏ ఒక్క చోటా ఎక్కువ బరువు పడదు. అలాగని అంచుకు మరీ ఆనుకుని రెండు మిల్లీమీటర్లలో కుట్టకూడదు. కోసిన అంచు మొదటి నాలుగైదు రోజులు మెత్తబడుతుంది, అక్కడ దారం నిలవదు.

ఇక్కడ మీ ఇంజనీరింగ్‌కు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ డచ్ ట్రయల్‌లో పెద్ద కుట్లకు వాడింది 1 సైజు పీడీఎస్ (మెల్లగా కరిగే ఒంటి పేట దారం) లూప్, 48 మిల్లీమీటర్ల సూది. చిన్న కుట్లకు వాడింది 2-0 దారం, 31 మిల్లీమీటర్ల సూది. అంటే బలం తక్కువున్న సన్నని దారమే గెలిచింది. ఆ పెద్ద సూదితో చిన్న కుట్టు వేద్దామన్నా చెయ్యి సాగదు, దాని వంపే పెద్దది. సూది ఎలాంటిదైతే సర్జన్ కుట్టు అలా పడుతుంది. అందుకే దారం కంటే ముందు సూది గురించి రాస్తాను. సూదిని చాలామంది పట్టించుకోరు.

సూది వేసే రంధ్రమే గాయానికి మనం అదనంగా చేసే గాయం. పాతకాలం సూదికి చెవి ఉండేది, దారం ఎక్కించేవాళ్లం. చెవి దగ్గర సూది లావు, దాని పక్కన దారం రెండు పేటలు. అదంతా కండలోంచి దూరి బయటకు రావాలి, లోపల నిలిచేది మాత్రం ఒక్క పేట. రంధ్రం పెద్దది, దారం సన్నది. ఇప్పటి సూదికి చెవి లేదు. సూది వెనక కొసను తొలిచి, దారాన్ని లోపలికి దూర్చి నొక్కేస్తారు. అయినా సూది దారం కంటే కొంచెం లావుగానే ఉంటుంది. రక్తనాళానికి కృత్రిమ గొట్టం కుడుతున్నప్పుడు ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. ప్రతి సూది రంధ్రం నుంచీ సన్నగా రక్తం చిమ్ముతుంది, పది నిమిషాలు గుడ్డ అదిమి పట్టుకుని నిలబడాలి. సూది లావును దారం లావుకు ఎంత దగ్గరగా తెస్తే అంత మేలు. కానీ సూది సన్నబడితే వంగిపోతుంది. వంగకూడదని గట్టి ఉక్కు వాడితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన మొన లోపల ఉండిపోతే ఎక్స్‌రే పెట్టి వెతకాలి. విరగకుండా వంగాలి, వంగకుండా దూరాలి. మీ బ్యాచ్‌లో మెటలర్జీ ఇష్టపడేవాళ్లుంటే ఈ సమస్య ఇవ్వండి, మంచి సమస్య.

మొన సంగతి. పేగు, రక్తనాళం, ఫేషియా లాంటివాటికి రౌండ్ బాడీ సూది. అది పోగులను కోయదు, పక్కకు తోసుకుంటూ వెళ్తుంది. దారం వచ్చాక పోగులు దాని చుట్టూ మూసుకుంటాయి. చర్మం గట్టిది, అక్కడ రౌండ్ బాడీ సూది దిగదు, కటింగ్ సూది కావాలి. ఇందులోనే ఒక చక్కటి డిజైన్ ఉంది. కటింగ్ సూదిని అడ్డంగా కోసి చూస్తే త్రికోణం. పాత రకంలో మూడో అంచు వంపు లోపలి వైపు, అంటే గాయం వైపు ఉంటుంది. సూది దూరినప్పుడు గాయం వైపుకే ఒక చిన్న కోత పడుతుంది. దారం బిగించగానే సరిగ్గా ఆ కోతలోకే ఒరుగుతుంది, అక్కడి నుంచి అంచు దాకా చీల్చుకుంటూ రావడం దానికి తేలిక. రివర్స్ కటింగ్ సూదిలో ఆ త్రికోణాన్ని తిప్పి పెట్టారు. పదునైన అంచు గాయానికి అవతల వైపు, చదునైన గోడ గాయం వైపు. దారం వచ్చి ఆ చదును గోడకు ఆనుకుంటుంది. ఉక్కు అదే, ఖర్చు అదే, త్రికోణం తిరిగిందంతే. డిజైన్ అంటే ఏమిటని మా పీజీలు అడిగితే ఈ రెండు సూదులూ చేతిలో పెడతాను.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. సుశ్రుత సంహితలోనే మూడు రకాల సూదులు చెప్పారు. మాంసం తక్కువున్న చోట, కీళ్ల దగ్గర రెండు అంగుళాల గుండ్రని సూది. మాంసం ఎక్కువున్న చోట మూడు అంగుళాల మూడంచుల సూది. మర్మస్థానాలకు, పొట్టకు విల్లులా వంగిన సూది. అంగుళమంటే అక్కడ వేలి వెడల్పు, ఇప్పటి ఇంచి కాదు. గుండ్రనిది, మూడంచులది, వంపుది. ఇప్పటి కేటలాగులో ఉన్నవీ ఇవే.

ఇలాంటి పరిశీలనే ఫ్రాన్స్‌లో అలెక్సిస్ కారెల్ చేశారు. 1894లో లియోన్ నగరంలో ఫ్రెంచి అధ్యక్షుడు సాది కార్నోను పొడిచారు. తెగిన రక్తనాళాన్ని కుట్టడం ఎవరికీ చేతకాక ఆయన చనిపోయారు. అప్పటికి యువకుడైన కారెల్, ఎంబ్రాయిడరీలో ఆరితేరిన లెరూడియే అనే ఆమె దగ్గర కుట్టుపని నేర్చుకున్నారు. బాగా సన్నని సూదులు, వాజలీన్ పూసిన సన్నని పట్టు దారం వాడి రక్తనాళాలు కలిపారు. 1912లో నోబెల్ వచ్చింది. సన్నని సూది, నున్నని దారం, లాగుడు పంచే కుట్టు. గట్టి దారం కాదు.

కంటి డాక్టర్లది ఇంకా సున్నితమైన లోకం. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ లాంటి చోట్ల కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మార్పిడికి వాడే 10-0 నైలాన్ మందం 20 నుంచి 29 మైక్రాన్లు, మన తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. సూది మొన గరిటెలా చదునుగా ఉంటుంది. కార్నియా పొరలు పొరలుగా ఉంటుంది గనక, కిందికి పొడుచుకుపోకుండా పొరల మధ్య జారాలి.

మొద్దు మొన సూది గురించి కూడా చెప్పాలి. ఫేషియాలోంచి దూరేంత మొన ఉంటుంది, గ్లవ్స్‌లోంచి వేలిలోకి మాత్రం తేలిగ్గా దిగదు. సర్జన్లకు, సిస్టర్లకు సూది గుచ్చుకుని హెపటైటిస్, హెచ్ఐవీ వస్తాయన్న టెన్షన్ మా వృత్తిలో నిత్యం ఉండేదే. ఫేషియా, కండ కుట్టేటప్పుడు మొద్దు మొన సూదులే వాడమని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ, మరో రెండు సంస్థలు 2012లో కలిసి చెప్పాయి. మన దగ్గర ఇవి ఇంకా ఎక్కువగా కనిపించాలి. కుట్టించుకునేవాళ్లతో పాటు కుట్టేవాళ్ల క్షేమం కూడా డిజైన్‌లో భాగమే.

ఇప్పుడు దారం. బలం ఎంత అన్నదానికంటే ఎన్నాళ్లు అన్నది ముఖ్యం. గాయం మానే వేగం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పేగు పదిరోజుల్లో బాగానే అతుక్కుంటుంది. చర్మం మూడు నెలలకు తన పాత బలంలో ఎనభై శాతం దాకా తెచ్చుకుంటుంది, ఆ తర్వాత ఇక పెరగదు. ఫేషియా సగం బలానికి రావడానికే దాదాపు రెండు నెలలు. దారం ఆ కణజాలం కంటే ముందు నీరసించకూడదు, పని అయ్యాక అనవసరంగా ఉండకూడదు. విక్రిల్ అనే కరిగే దారం మూడు వారాలకు సగం బలానికి వస్తుంది. పీడీఎస్ నాలుగు వారాలకు కూడా సగం బలంతో ఉంటుంది, పూర్తిగా కరగడానికి ఆరు నెలలు దాటుతుంది. అందుకే పేగుకు విక్రిల్ హాయిగా వాడతాను, పొట్ట ఫేషియాకు వాడను. పేషెంట్లు "కరిగిపోయే కుట్లే వేశారా సార్" అని అడుగుతారు. కరగడం వేరు, బలం పోవడం వేరు. బలం ముందు పోతుంది, దారం చాలా తర్వాత కరుగుతుంది.

క్యాట్‌గట్ పేరు మీరు వినే ఉంటారు. అది పిల్లి పేగు కాదు, ఎక్కువగా గొర్రె పేగు, అందులోనూ సబ్‌మ్యూకోసా అనే పొర. పేగుకు పేగు కుట్టేటప్పుడు సూది తప్పనిసరిగా పట్టుకోవాల్సిందీ ఆ పొరనే, పేగు బలమంతా అందులోనే ఉంటుంది. దారంగా మారిన పొర, దారాన్ని నిలిపే పొర ఒకటే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. క్యాట్‌గట్‌ను శరీరం ఎంజైములతో అరిగిస్తుంది. ఇన్ఫెక్షన్ ఉన్నచోట ఎంజైములు ఎక్కువ గనక, అవసరమైన చోటే అది త్వరగా పోతుంది. 1970ల నుంచి వచ్చిన కరిగే సింథటిక్ దారాలు నీటితో మెల్లగా విడిపోతాయి, ఎప్పుడు ఎంత బలం ఉంటుందో ముందే చెప్పవచ్చు. నీటితో విడిపోతాయి కాబట్టే వాటిని తేమ తగలని రేకు ప్యాకెట్‌లో ఇస్తారు. చింపాక మిగిలిన దారాన్ని దాచి మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడితే దాని బలం ఎంతో దేవుడికే తెలియాలి. కొన్నిచోట్ల ఈ అలవాటు చూశాను, చూసినచోటల్లా ఆపించాను.

దారం పైభాగం సంగతి. జడలా అల్లిన దారం చేతికి మెత్తగా ఉంటుంది, ముడి చక్కగా నిలుస్తుంది. కానీ ఆ అల్లిక సందుల్లో బ్యాక్టీరియా దాక్కుంటుంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు వాలంటీర్ల చర్మం మీద పరీక్షించి, ఒక్క పట్టు కుట్టు ఉంటే చీము పట్టడానికి కావాల్సిన బ్యాక్టీరియా సంఖ్య దాదాపు పది వేల రెట్లు తగ్గుతుందని చూపారు. లోపల మిగిల్చే ప్రతి మిల్లీమీటరు దారానికీ ఇంత ఖరీదు ఉంది. ఒంటి పేట దారంలో ఆ బెడద తక్కువ, కానీ దానికి మొండితనం ఎక్కువ. ప్యాకెట్‌లో చుట్టిన వంపును వదలదు, ముడి విప్పుకోవాలని చూస్తుంది, ఒకటి రెండు ముడులు అదనంగా వేయాలి. దారం ఎప్పుడైనా తెగితే ఎక్కువగా ముడి దగ్గరే తెగుతుంది. మీ ల్యాబ్‌లో తిన్నని దారాన్ని లాగి బలం కొలిస్తే ఆ అంకె మాకు పనికిరాదు, ముడి వేసి కొలవండి.

ముడే లేకుండా చేద్దామని ముళ్ల దారం (బార్బ్‌డ్ సూచర్) వచ్చింది. ఒంటి పేట దారం మీద చిన్న చిన్న గాట్లు పెడితే అవి వెనక్కి జారకుండా పట్టుకుంటాయి. 1964లోనే పేటెంట్ ఉంది, ఆపరేషన్ థియేటర్లలోకి బాగా వచ్చింది 2004 తర్వాత. లాప్రోస్కోపీలో గర్భసంచి కుట్టేటప్పుడు ఇది నిజంగా మేలు. లాగుడు దారం పొడవునా పంచుకుంటుంది, మీకు నేను ఇందాకటి నుంచి చెబుతున్నదీ అదే. కానీ చివర పొడుగ్గా వదిలేస్తే ఆ ముళ్లకు పేగు చిక్కుకుని అడ్డం పడిన కేసులు ఉన్నాయి. గాట్లు పెట్టిన మేర దారం మధ్యభాగం సన్నబడుతుంది కూడా. ఇక్కడ చేయాల్సిన పని ఇంకా మిగిలి ఉంది.

మీ ప్రాజెక్టుకు నా సలహా ఇది. "దారం ఎంత బరువుకు తెగింది" అన్నది వదిలి, "కుట్టు ఎంత బరువుకు కణజాలాన్ని కోసుకుని వచ్చింది" అన్నది కొలవండి. మా పీజీలు పేగు కుట్టడం మటన్ కొట్టు బోటి మీదే నేర్చుకుంటారు. మీరు మేక పొట్ట గోడ అడిగి తెచ్చుకోండి, చర్మం, కొవ్వు తీసేస్తే తెల్లని ఫేషియా పొర కనిపిస్తుంది. ఒకే జంతువు నుంచి ఒకే సైజు ముక్కలు కోయండి, ఆరిపోకుండా సెలైన్‌లో ఉంచండి. అంచు నుంచి 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు, రెండు సన్నని దారాలు, రెండు లావు దారాలు. ఒక్కసారి లాగి వదిలేయకండి. మనిషి రోజంతా దగ్గుతాడు, లేస్తాడు, పడుకుంటాడు. తక్కువ బరువుతో వెయ్యిసార్లు లాగి వదిలి, అప్పుడు కుట్టు రంధ్రం ఎంత సాగిందో ఫొటో తీసి కొలవండి. రంధ్రం గుండ్రంగా ఉందా, దువ్వెన పన్నులా పొడుగ్గా చీలిందా అన్నది చూడండి. ఆ ఫొటోలు వచ్చాక ఇక్కడే పెట్టండి, ఏ దారం, ఏ సూదితో తీశారో పక్కన రాయండి. కూర్చుని చూద్దాం.